పరుల గాదెలో మన గింజలు

"అంతయు క్లౌడులో నున్నది, ఇక భయమేల?" అను మాట మన విద్యావంతుల నోట నిప్పుడు మంత్రమువలె వినబడుచున్నది. పిల్లల ఫొటోలు, భూముల దస్తావేజుల నకళ్లు, పండితుడు పదియేండ్లు శ్రమించి కూర్చిన పదకోశము, సమస్తమును అచటికెక్కించి, తమ కంప్యూటరులో నొక్క ప్రతియైన నుంచుకొనక వీరు సుఖముగా నిద్రించుచున్నారు. ఈ నిశ్చింతకు ఆధారము లేదని మా వాదము.

అసలా పేరే మోసము. మేఘమన్నంత మాత్రమున నది యాకాశమున లేదు. గోడలు, కప్పు, విద్యుత్తు తీగలు, కావలివాండ్రు గల యొక భవనము, అందు వరుసలు తీర్చిన పరుల కంప్యూటరులు, ఇంతియే. 2025 అక్టోబరులో గూగులువారు విశాఖపట్టణమున నట్టి కేంద్రమును నెలకొల్పుటకు అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించినప్పుడు, మనవారు దానికి కావలసిన నేలను, నీటిని, విద్యుత్తును గూర్చి తర్కించిరి. మేఘమునకు నేలతో నేమి పని? కాళిదాసుని యక్షుడు విరహమున మతిచెడియు మేఘునిచేత సందేశమునే పంపెను గాని యింటి సొత్తు మూటగట్టి పంపలేదు.

భవనమన్న తరువాత నిప్పంటుకొనుట కలదు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమందలి స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ సంస్థవారి కేంద్రమొకటి కాలిపోగా, వేఱు ప్రతి లేనివారి సొత్తు బూడిదయైనది. వర్తకుల సంగతి విడుతము. దక్షిణ కొరియా ప్రభుత్వము తన యుద్యోగులను, పత్రములు సొంత కంప్యూటరులలో నుంచక జీ-డ్రైవు అను ఉమ్మడి కొట్టులోనే యుంచుడని విధించెను. 2025 సెప్టెంబరు 26వ తేదీన డేజాన్ నగరమందలి ప్రభుత్వ కేంద్రమున బ్యాటరీలనుండి మంటలు లేచినవి. ఆ కొట్టులోని 858 టెరాబైట్ల సమాచారము దగ్ధమయ్యెను. అది మిక్కిలి పెద్దదగుటచే దానికి బయట మఱియొక ప్రతి తీయలేదట! ఈ వృత్తాంతము మెమరీ చిప్పులను లోకమునకెల్ల నమ్ముకొను దేశమున జరిగినది. పిమ్మట ఆ పత్రములను వెదకుకొనుచు అధికారులు పోయినదెచటికి? ఉద్యోగుల సొంత కంప్యూటరులకును, ఈమెయిళ్లకును, కాగితపు దొంతరలకును! ఏ యింటిని వలదనిరో ఆ యింటి గడపయే తొక్కవలసి వచ్చెను.

నిప్పుకంటె తాళమునకు మేమెక్కువ వెఱతుము. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధింపగా, మైక్రోసాఫ్టువారు మన దేశమందలి నయారా ఎనర్జీ అను చమురుశుద్ధి సంస్థకు తమ సేవలను నిలిపివేసిరి. ఆ సంస్థ రుసుము చెల్లించినదే. ఆంక్షలు విధించినది మన ప్రభుత్వము కాదు. అయినను తలుపు మూతపడెను. ఢిల్లీ హైకోర్టున దావా వేసిన పిదపనే తెఱవబడెను. న్యాయవాదులను నియమించుకొనగల వారికే యీ గతి యైనప్పుడు, పల్లెటూరి పంతులు ఖాతాకు తాళము పడిన నతడే కోర్టు మెట్లెక్కును?

ఇక నిబంధనలన్నచో నవి యిచ్చినవాని యిచ్ఛ. ఫొటోలకు మేరలేని యుచితపు చోటు నిచ్చిన గూగులువారు 2021 జూన్ 1వ తేదీనుండి దానిని మానిరి. రెండేండ్లు వాడుకలో లేని ఖాతాలను 2023 డిసెంబరునుండి తొలగింప నారంభించిరి. చనిపోయిన తండ్రి ఖాతాను తెఱచువాడెవడు? ఆయన పద్యములు అటకమీది పెట్టెలో నున్నచో నేనాటికైన మనుమడు దులిపి చదువును.

"సొంత కంప్యూటరు చెడిపోదా? దొంగ యెత్తుకొనిపోడా?" అని ప్రతిపక్షులడుగుదురు. చెడును, పోవును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు వరదనీరు బీరువా అనియు కంప్యూటరనియు భేదము చూపలేదు. ఒక్క యంత్రమునే నమ్ముడని మేమెన్నడు ననలేదు. బ్రౌను దొర కడపలో పండితులకును లేఖకులకును సొంత సొమ్ము జీతమిచ్చి, చెదలుపట్టుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించి సరిచూపించెను. మన కావ్యములు నిలిచినది ఒకే కోటలో దాచుటచేత గాదు, పలు ఇండ్లలో పలు ప్రతులుండుటచేత. కావున మూలము మీ కంప్యూటరులో నుండవలెను. కొన్నివేల రూపాయలకు దొరకు విడి డిస్కులో నొక ప్రతి తీసి, వేఱొక యూరిలోని బంధువుల యింట నుంచుడు. తాళపత్రమునకు నూనె రాచినట్లు దానిని ఏటేట తెఱచి చూచి, పాతబడినచో మార్చుడు. అటుపిమ్మట మూడవ ప్రతిని క్లౌడులో నుంచినను మాకభ్యంతరము లేదు. అదియును మీకే తెలిసిన సంకేతపదముతో బిగించి.

మా వెఱపు ముఖ్యముగా సాహిత్య పరిషత్తులను, గ్రంథాలయములను గూర్చి. పాత పత్రికలను స్కాను చేయించి యొకే ఖాతాలో నెక్కించి, పని ముగిసినదని తీర్మానించువారు కలరు. చదువరులారా, మీరట్టి సంస్థలో సభ్యులైనచో రాబోవు సమావేశమున కార్యదర్శిగారిని అడుగుడు: ఆ ఖాతా ఎవరి పేర నున్నది? ఆయన పదవి విడిచినచో సంకేతపదమెవరికడ నుండును? మూలపు ఫైళ్లు ఏ బీరువాలో, ఏ డిస్కులో నున్నవి? దానిని కడపట తెఱచి చూచినదెన్నడు?