గుర్రానికో న్యాయం, గేదెకో న్యాయమా?

రైతు సోదరులారా, సూటిగా ఒక మాట అడుగుతాను. మన పశువుల ఆసుపత్రి జబ్బు తగ్గించే చోటా, జబ్బు పంచే చోటా?

గాలికుంటు సోకిన గేదె చొంగ కార్చుకుంటూ వస్తుంది. దాన్ని ఎక్కించిన బోనులోనే, పది నిమిషాల తర్వాత చూడి పరీక్షకు వచ్చిన ఆవునీ ఎక్కిస్తారు. అదే బోను, అదే నీళ్ళ తొట్టి, అవే చేతులు. 2 నుంచి 14 రోజుల్లో ఆ ఆవుకీ నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు. "గాలి సోకింది, మన ఖర్మ" అనుకుంటాం. గాలిలో కూడా వస్తుంది, కాదనను. కానీ మన చెప్పులు, చేతులు, పలుపుతాళ్ళు మోసుకొచ్చేది తక్కువా?

ఇప్పుడు గుర్రాల సంగతి చూడండి. 2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో గుర్రాల పోటీల దగ్గర హెర్పిస్ వైరస్ పుట్టింది. అది ముదిరితే గుర్రం వెనక కాళ్ళు పడిపోతాయి, చూడి గుర్రాలు ఈసుకుపోతాయి. దాంతో ఐరోపా ప్రధాన భూభాగంలో అంతర్జాతీయ పోటీలన్నీ ఏప్రిల్ 11 దాకా ఆపేశారు. అలాంటి గుర్రం ఆసుపత్రికొస్తే వేరే కొట్టంలో కడతారు. దాని బకెట్టు దానిదే. దాన్ని చూసేవాళ్ళు బట్టలు, చేతి తొడుగులు మార్చుకుంటారు. పక్కనున్న గుర్రాలన్నిటికీ రోజుకి రెండుసార్లు జ్వరం చూస్తారు. ముందు బాగున్నవాటిని ముట్టుకుని, జబ్బుదాన్ని చివర్లో ముట్టుకుంటారు.

ఇందులో కోట్లు పెట్టి కొనాల్సిందేముంది? ఉన్నదల్లా పద్ధతి!

"డాక్టరు ఒక్కడే, ఊళ్ళు పది, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి" అంటారు. పని భారం నిజమే, డాక్టర్లను నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆవరణలో దూరంగా ఓ చెట్టు కింద విడిగా ఒక బోను, గేటు దగ్గర కాళ్ళు ముంచే తొట్టి, ఒక బోర్డు. వీటికి కూడా డబ్బుల్లేవా? గాలికుంటు, బ్రూసెల్లా టీకాల కోసం కేంద్రం 2019లో 13,343 కోట్ల పథకం ప్రకటించింది. ఆరు నెలలకోసారి టీకా వేస్తూ, ఆసుపత్రి వాకిట్లోనే రోగం అంటిస్తే ఎలాగండీ?

ఇక మన సంగతి. వైరస్‌ని చంపే సూది లేదు. డాక్టరు చేసేది పుండ్లు కడగడం, జ్వరం తగ్గించడం, పుండు చీము పట్టకుండా చూడటం. అది మన దొడ్లోనే జరుగుతుంది. అలాంటప్పుడు జబ్బు గేదెని ఊరి మధ్యలోంచి నడిపించుకుపోవడం దేనికి? 1962కి ఫోన్ కొట్టండి. ఇంతకన్నా ఘోరం, జబ్బు బయటపడగానే సంతకి తోలి అమ్మేయడం. మన నష్టాన్ని పక్క ఊరి రైతు నెత్తిన పెట్టడమే అది. 2009 చట్టం ప్రకారం ఇలాంటి అంటురోగం వస్తే పంచాయతీకి చెప్పడం, పశువుని విడిగా కట్టడం మన బాధ్యత. "నలుగురికీ తెలిస్తే పాలు కొనరు" అని దాచేవాళ్ళున్నారు. దాస్తే రేపు ఊళ్ళో పాలే ఉండవు!

ఇంటి దగ్గర చేయాల్సినవి:
- జబ్బు పశువుని విడిగా కట్టండి, తొట్టి విడిగా పెట్టండి.
- పాలు పితికేటప్పుడు బాగున్నవాటిని ముందు, జబ్బుదాన్ని చివర్లో.
- 10 లీటర్ల నీళ్ళలో 400 గ్రాముల వాషింగ్ సోడా కలిపి కొట్టం, చెప్పులు కడగండి.
- ఒక దూడకి సోకినా పక్కవాళ్ళకి ఆ రోజే చెప్పండి.

వచ్చే గ్రామసభలో నలుగురం లేచి అడుగుదాం: మా ఆసుపత్రిలో అంటురోగాలకి విడి బోను ఎప్పుడు పెడతారు? నోటి మాటగా కాదు, కాగితం మీద రాసిద్దాం. పందెం గుర్రానికి ఉన్న జాగ్రత్త, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే గేదెకి ఉండొద్దా? మీరే చెప్పండి.