మైనం కాచిన తెలుపు

సూరతు అద్దకపు మిల్లులలో ఒకే పువ్వు వేల గజాల బట్టపై రవ్వంత తేడా లేకుండా పడుతుంది. అదే నగరంలో, తాపీనది ఆవలి గట్టున ఉన్న అడాజన్‌లో, ఎవరైనా ఆప్తులకు స్వహస్తాలతో శుభాకాంక్షల కార్డు చేయదలిస్తే కోరవలసింది ఆ తేడానే. అందుకు ఒక తెల్లని కొవ్వొత్తి చాలు.

ఈ కిటుకు తెలుగువారికి కొత్త కాదు. ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరతులోను కోఠీలు తెరిచారు. ఆ శతాబ్దంలో కోస్తా అద్దకపువారు బట్టపై తెల్లగా మిగలవలసిన చోట మైనం పూసి, నీలిమందు తొట్టిలో ముంచేవారు. మైనమున్న చోట రంగు అంటదు. జావా బాతిక్‌కూ ఇదే మూలసూత్రం.

కాగితంపై ఈ పని మరింత సులువు. డ్రాయింగు కాగితంపై కొవ్వొత్తితో గీతలు గీసి, లేత నీటిరంగు పూయాలి. ఆరాక కాగితమంతటా కొవ్వొత్తి రుద్ది, మెల్లగా నలిపి విప్పి, ముదురు రంగు పూయాలి. రంగు పగుళ్లలోకి దిగి ఆకు ఈనెల వంటి గీతలు తేలుతాయి. పూర్తిగా ఆరిన తరువాత తెల్లకాగితాల నడుమ ఉంచి, కాగితాలు మారుస్తూ ఇస్త్రీ చేస్తే మైనం వాటికి ఎక్కుతుంది. ఇక్కడ అశ్రద్ధ చేస్తే శ్రమంతా వృథా. మైనం మిగిలిన చోట అచ్చుసిరా నిలవదు. మైనాన్ని పొయ్యిమీద కరిగించడం మాత్రం వద్దు. అది భగ్గున అంటుకుంటుంది.

ఆపై కొయ్య అచ్చుతో ఒక మామిడిపిందె అద్ది, అట్టకు అతికిస్తే కార్డు సిద్ధం. ఏ రెండు కాగితాలూ ఒకేలా నలగవు. కనుక అందుకున్నవారి చేతిలో ఉన్నది లోకంలో ఒకే ఒక ప్రతి.