కాంట్రాక్టులో బండి ఒక్కటే రాస్తే చాలదు



మన సంఘ కుటుంబాల పిల్లలు ప్రభుత్వ శిక్షణలకు వెళ్తున్నారు. ఒకరు కానిస్టేబులు శిక్షణకు, ఒకరు ఫారెస్టు బీట్ ఆఫీసరు శిక్షణకు, మరొకరు ఐ.టి.డి.ఏ. వారి యువజన శిక్షణ కేంద్రానికి. పెట్టె సర్దేటప్పుడు దుప్పటి, ప్లేటు, గ్లాసు పెట్టామా అని చూసుకుంటాము. అక్కడ బిడ్డ కళ్ళు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారు, రాత్రి హాస్టల్లో నిప్పంటుకుంటే ఎవరు వస్తారు అని అడిగేవారు తక్కువ. ఈ సంచికలో ఆ సంగతి మాట్లాడదలచాము.

ఇలాంటి చోట్ల అంబులెన్సు, ప్రథమ చికిత్స, అగ్నిమాపక ఏర్పాట్లను కాంట్రాక్టుకు ఇస్తుంటారు. టెండరు పిలుస్తారు, తక్కువ రేటు వేసినవారికి పని దక్కుతుంది. కాంట్రాక్టు ఇవ్వడమే తప్పని మేము అనడం లేదు. ఆ కాగితంలో బండ్ల లెక్కతో పాటు మనుషులకు ఉండవలసిన శిక్షణ, చేరవలసిన నిమిషాలు, చేయవలసిన అభ్యాసం కూడా రాయాలన్నదే మా అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం ఎండాకాలంలో ఒక శిక్షణ శిబిరం నుండి ఒక కుర్రవాణ్ణి మా క్యాజువాలిటీకి తెచ్చారు. ఏ శిబిరమో ఇక్కడ చెప్పము. ఉదయం పరుగులో పడిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. తెచ్చింది కాంట్రాక్టు అంబులెన్సే. అందులో ఆక్సిజన్ సిలిండరు ఉంది గాని దాన్ని తిప్పే కీ లేదు. డ్రైవరు తప్ప వేరే మనిషి లేడు. “నన్ను బండి తోలమన్నారు సిస్టరుగారూ, ఇంకేమీ చెప్పలేదు” అన్నాడతను. అతని తప్పేమీ లేదు. వడదెబ్బ తగిలినవారికి బట్టలు వదులు చేసి, ఒంటిని నీళ్ళతో తడిపి, గాలి తగిలేలా చేస్తూ తీసుకురావాలి. దారి పొడుగునా ఆ పని చేసేవారే లేకపోయారు. మా సిస్టర్లు తడిగుడ్డలు, ఐసు పెట్టి, సెలైను ఎక్కించాక ఖమ్మం పంపించాము. కుర్రవాడు బతికాడు. కాని బస్సు దిగి పరుగున వచ్చిన అతని తల్లి, “అక్కడ అంబులెన్సు ఉందన్నారు గదమ్మా” అన్న మాటను మేము మరచిపోలేదు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ళ ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా అభ్యర్థులు మరణించారు. వాళ్ళూ మన పిల్లల్లాగే ఉద్యోగం కోసం వెళ్ళినవాళ్ళే.

నిప్పు సంగతీ అంతే. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. అప్పుడు ఆ హోటలును ఒక ప్రైవేటు ఆసుపత్రి కోవిడ్ కేంద్రంగా వాడుతోంది. భవనం ఒకరిది, వైద్యం మరొకరిది. శిక్షణ కేంద్రంలోనూ భవనం ఒక శాఖది, వంట ఒక కాంట్రాక్టరుది, అంబులెన్సు ఇంకొకరిది కావచ్చు. అలాంటప్పుడు నిప్పు బాధ్యత ఎవరిదో కాగితం మీద తేటగా ఉండాలి.

ఒప్పందంతో నడిచి నిలబడిన సేవ కూడా మన దగ్గరే ఉంది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ నడపగా, ప్రభుత్వం ఒప్పందం చేసుకుని తోడైంది. 2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల మోసం బయటపడి, సంస్థను స్థాపించినవారే చిక్కుల్లో పడ్డారు. ఆ ఏడాదే జి.వి.కె. వారు బాధ్యత తీసుకున్నారు, సేవ మూతపడలేదు. 108లో పైలట్‌తో పాటు శిక్షణ పొందిన ఈ.ఎం.టి. ఉంటారు. మేము క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి చూసిన తేడా ఆ రెండో మనిషి వల్లనే.

మన జిల్లాలోని సింగరేణి గనులనూ చూడండి. ప్రమాదం జరిగితే గనిలోకి దిగే రెస్క్యూ బృందాలకు 1985 నాటి ప్రత్యేక నిబంధనలున్నాయి. శిక్షణ అయిపోయాక కూడా వారు అభ్యాసం మానకూడదు. విమానాశ్రయాల్లో ఫైరింజను 3 నిమిషాలకు మించకుండా చేరాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. నడిపేది ప్రైవేటు సంస్థ అయినా అది తప్పదు.

మనది అడవి అంచు. 108కి ఫోను చేస్తే వస్తుంది గాని దూరం దూరమే. గుండె ఆగితే 4 నుండి 6 నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కాబట్టి శిక్షణ కేంద్రం కాంట్రాక్టులో ఇవి ఉండాలని మేము కోరుతున్నాము:

1. ప్రతి షిఫ్టులో డ్రైవరు కాక, సి.పి.ఆర్. చేయడం వచ్చిన ఒక మనిషి ఉండాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు ఛాతీ నొక్కడం చేసి చూపించగలగాలి.

2. గ్రౌండుకు, హాస్టలుకు ఎన్ని నిమిషాల్లో చేరాలో రాయాలి. చేరకపోతే జరిమానా రాయాలి.

3. ఆక్సిజను, దాని కీ, డీజిలు, నిప్పునార్పే సిలిండర్ల గేజి ముల్లు రోజూ చూసి సంతకం చేయాలి.

4. పాము విరుగుడు ఇంజెక్షన్లు ఏ ఆసుపత్రిలో ఉన్నాయో ముందే మాట్లాడుకోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉన్న ప్రాంతం మనది.

5. మంటల డ్రిల్లు రాత్రిపూట కూడా చేయించాలి. పిల్లలు నిద్రలో ఉండేది అప్పుడే.

ఇవన్నీ రాస్తే రేటు పెరుగుతుందని అధికారులు అంటారు. నిజమే, పెరుగుతుంది. రెండో మనిషి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి గదా. అయితే తక్కువ రేటునే తీసుకోవాలన్న కట్టుబాటు అన్నిచోట్లా లేదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, నాణ్యత ముఖ్యమైన సేవల్లో రేటుతో పాటు నాణ్యతకూ మార్కులు వేసి ఎంచుకోవచ్చు. ప్రాణాలు కాపాడే పనికి ఆ పద్ధతి కాక ఇంకేది తగుతుంది?

తల్లిదండ్రులారా, బిడ్డను దింపి వచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. అంబులెన్సులో డ్రైవరు కాక ఎవరుంటారు? రాత్రి ఎవరుంటారు? మంటల డ్రిల్లు ఎప్పుడు చేశారు? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. పదిమంది అడిగితే పదకొండోసారికి ఏర్పాటు జరుగుతుంది.

మీ పిల్లలు బయలుదేరే ముందు మా వద్దకు తీసుకురండి. సి.పి.ఆర్., వడదెబ్బకు చేయవలసిన పనులు మా సిస్టర్లు నేర్పిస్తారు. ఒక పూట చాలు. పక్కన పరుగెత్తే స్నేహితుడు పడిపోతే, బండి వచ్చేలోగా మన బిడ్డ చేతులే పనికి వస్తాయి.

మీ అందరి క్షేమము కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున