ముందు అడుగు, తర్వాతే ఫిరంగి

రేడియోతో నడిచే యుద్ధనౌక నమూనా కట్టాలనుకునేవారిలో చాలామంది పైనుంచి మొదలుపెడతారు. ఓడ తేలేది మాత్రం కిందనుంచి.

యుద్ధనౌక కట్టాలన్న కోరిక సాధారణంగా ఒక ఫొటోతో పుడుతుంది. రాడార్లు, క్షిపణి గొట్టాలు, ముందు ఫిరంగి, వెనక హెలికాప్టర్ దిగే డెక్కు. కొత్తవారు చేసే మొదటి పని ఆ ఫిరంగిని ప్లాస్టిక్ షీటుతో కత్తిరించి అతికించుకోవడం. ముచ్చటగా వస్తుంది. బీరువా మీద పెట్టుకుని ఇంటికొచ్చినవారికి చూపించొచ్చు. ఎన్నో నౌకల చరిత్ర అక్కడితోనే ముగుస్తుంది.

అసలు ముందు కావలసింది కాగితం, పెన్సిలు. 2021 నవంబర్‌లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నంనే తీసుకుంటే దాని పొడవు 163 మీటర్లు, వెడల్పు 17.4 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు. 1:100 స్కేలులో పొడవు 163 సెంటీమీటర్లు, వెడల్పు 17.4 సెంటీమీటర్లు అవుతుంది. బరువు మాత్రం వందో వంతు కాదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ వందో వంతుకు తగ్గాయి కాబట్టి బరువు పది లక్షల వంతుకు తగ్గుతుంది. అంటే 7.4 కిలోలు. ఒక్కరే ఎత్తుకుని వెళ్లొచ్చు. ఇంకాస్త ఘనంగా ఉండాలని 1:50కి వెళితే పొడవు రెండింతలే, బరువు ఎనిమిదింతలు. 59 కిలోలు దాటుతుంది. మూడు మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ ఓడ అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. అనుభవజ్ఞులు స్కేలు నిర్ణయించేముందు కారు డిక్కీ కొలిచేది అందుకే.

ఆ 7.4 కిలోలు పరిమితి మాత్రమే కాదు, అవసరం కూడా. అంత బరువు ఉంటేనే నమూనా అసలు ఓడ మునిగినంత లోతు మునిగి, ఎరుపు రంగు అడుగు నీటి కిందకు పోతుంది. తక్కువైతే బాతుబొమ్మలా పైకి తేలి, గాలి వీచగానే పక్కకు ఒరుగుతుంది. ఆ బరువు ఎక్కడ ఉందన్నది మరింత ముఖ్యం. ఎంత కిందకు ఉంటే అంత మేలు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు కిలోలకు పైనే తూగుతుంది. విమానాల నమూనాలు కట్టేవాళ్లు దాని మొహం కూడా చూడరు. ఓడలవాళ్లకు అది వరం. అడుగున పడుకోబెడితే కరెంటూ ఇస్తుంది, బరువూ ఇస్తుంది. తేలికైన లిథియం బ్యాటరీ కొన్నవారు ఆ తేడాను సీసం ముక్కలతో పూడ్చుకోవాల్సిందే.

పైభాగం బరువెక్కితే ఏమవుతుందో తెలియాలంటే నమూనాల దాకా వెళ్లనక్కర్లేదు. బ్రిటిష్ యుద్ధనౌక హెచ్ఎంఎస్ కెప్టెన్ అనుకున్నదానికంటే బరువుగా తయారైంది. దాంతో నీటి మట్టానికి డెక్కు మరీ దగ్గరైంది. పైన భారీ తెరచాప స్తంభాలు. 1870 సెప్టెంబర్‌లో ఒక రాత్రి స్పెయిన్ తీరంలో తుపాను గాలికి అది బోల్తా పడింది. దాదాపు 480 మంది చనిపోయారు. దాని రూపకల్పన కోసం పట్టుబట్టిన కూపర్ కోల్స్ కూడా అందులో ఒకరు.

అందుకే మొదటి ఓడగా సన్నటి డిస్ట్రాయర్‌ను ఎంచుకోవడం కోరి తెచ్చుకునే కష్టం. పైగా సేవలో ఉన్న యుద్ధనౌక నీటి కింది ఆకారం ఎవరూ అచ్చువేసి అమ్మరు. ఫొటోల్లో కనిపించేది పై సగమే. మిగతాది ఊహించుకోవాల్సిందే. పాత ఓడలతో ఆ బాధ లేదు. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం ఎన్నో పాత బ్రిటిష్ నౌకల నక్షాలను భద్రపరిచింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు ‘ఫ్లవర్’ తరగతి కార్వెట్‌లు కొత్తవారి కోసమే పుట్టాయా అనిపిస్తాయి. ఒక రకంగా నిజం కూడా. తిమింగలాల వేట ఓడ నమూనాను తీసుకుని, యుద్ధనౌకలు కట్టిన అనుభవం లేని చిన్న యార్డులు కూడా కట్టగలిగేలా సులువుగా గీశారు. బ్రిటన్, కెనడాల్లో 200కు పైగా తయారయ్యాయి. అస్సాం, సింధ్, గోండ్వానా పేర్లతో కొన్ని రాయల్ ఇండియన్ నేవీలోనూ చేరాయి. ఒకే ప్రొపెల్లర్, ఒకే చుక్కాని, ముందు ఒక పెద్ద తుపాకి, గుండ్రటి పొట్ట. 1:48 స్కేలులో పొడవు 130 సెంటీమీటర్లు, వెడల్పు 21 సెంటీమీటర్లు, బరువు పది కిలోల చుట్టూ. చెరువులో అలకు స్కేలు తెలియదు. అది ఎప్పుడూ నిజమైన అలే. ఈ వెడల్పు, ఈ బరువు దాన్ని తట్టుకుంటాయి. పొడవుగా, సన్నగా ఉండే డిస్ట్రాయర్ తట్టుకోవడం కష్టం.

ఇక కట్టడం. నక్షాలో ఓడను అడ్డంగా కోసినట్టు చూపే గీతలుంటాయి. వాటిని కార్బన్ పేపర్‌తో ప్లైవుడ్ మీదకు దించి, ఒక్కో గీతనూ ఒక్కో పక్కటెముకగా కోస్తారు. చెక్క పలకల మందం ముందే తీసివేయకపోతే ఓడ ఆ మేరకు లావెక్కుతుంది. ఈ తప్పు మొదటి ఓడలో చేయనివారు అరుదు. బల్లపరుపు చెక్క మీద వెన్నుకర్రను నిలబెట్టి, ఎముకలను తలకిందులుగా అమర్చి, వాటి మీద సన్నటి బద్దీలను అటొకటి ఇటొకటి చొప్పున అతికిస్తూ పోవాలి. ఒక పక్కంతా ముగించి రెండో పక్కకు వస్తే వెన్ను వంకర పోతుంది. ఆ వంకర జీవితాంతం ఉంటుంది. చుక్కాని ఎంత సరిచేసినా ఓడ ఒకే వైపు లాగుతుంది. తర్వాత బయట ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెజిన్. ఆ తర్వాత శాండ్‌పేపర్, మళ్లీ శాండ్‌పేపర్. ఇది బాల్కనీలో, మాస్కు, చేతొడుగులు పెట్టుకుని చేయాల్సిన పని. ఆ వాసన, ఆ ధూళి రెండూ ఊపిరితిత్తులకు మంచివి కావు. ఈ దశలో నెలలు గడుస్తాయి, చూపించడానికి ఏమీ ఉండదు. వదిలేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇక్కడే.

ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక గొట్టంలోంచి బయటకు వెళుతుంది. ఆ గొట్టం నిండా గ్రీజు ఉండాలి, లోపలి కొస వీలైతే నీటి మట్టానికి పైన ఉండాలి. మోటారు, షాఫ్ట్ ఒకే సరళరేఖలో లేకపోతే ఓడ కాఫీ గ్రైండర్‌లా అరుస్తుంది.

మోటారు దగ్గరే ఉత్సాహం హద్దు దాటుతుంది. రేసు కారు మోటారు బిగిస్తే యుద్ధనౌక స్పీడ్‌బోటులా మూతి ఎత్తుకుని పరిగెడుతుంది. చూసేవాళ్లకు వెంటనే బొమ్మ అని తెలిసిపోతుంది. ఎంత వేగం సరైనదో బ్రిటన్ ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1870లలోనే తేల్చాడు. టార్కీలోని తొట్టిలో నమూనా ఓడలను లాగి, నమూనా వేగం స్కేలు వర్గమూలం ప్రకారం తగ్గితేనే అది లేపే అలలు అసలు ఓడ అలల్లా ఉంటాయని చూపించాడు. విశాఖలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ తన పొడవాటి తొట్టిలో నమూనాలను పరీక్షించేది కూడా ఆ సూత్రం ఆధారంగానే. 16 నాట్ల కార్వెట్‌కు 1:48లో వచ్చే వేగం 2.3 నాట్లు. గంటకు నాలుగు కిలోమీటర్ల చిల్లర. గట్టు మీద ఓడ పక్కనే తాత మనవడి చెయ్యి పట్టుకుని నడవొచ్చు. దీనికి నిదానంగా, బలంగా తిరిగే మోటారు చాలు.

న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1898లో నికోలా టెస్లా రేడియోతో పడవ నడిపితే జనం నోరు తెరిచారు. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు హాబీ షాపుల్లో దొరుకుతుంది. సంకేతం తెగితే మోటారు ఆగిపోయేలా సెట్ చేసుకోవడం, నేల మీదే దూరంగా నడిచి పరీక్షించుకోవడం మరవకూడదు. విశాఖవాసులకు మరో ప్రలోభం ఉంది. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర. పొడవు 91 మీటర్లు, 1:100లో మీటరు కూడా లేదు. సులువనిపిస్తుంది. కానీ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీళ్లలో దాదాపు దూరవు. మునిగిన జలాంతర్గామి మాట వినదు. దాన్ని మూడో ఓడగా ఉంచుకోవడం మంచిది.

అమెరికాలో కొందరు 1:144 యుద్ధనౌకలకు ఉక్కు గుండ్లు పేల్చే తుపాకులు బిగించి, పల్చటి బాల్సా తొడుగులకు చిల్లులు పొడిచి ఒకరి ఓడ మరొకరు ముంచుకుంటారు. తర్వాత పైకి తీసి అతుకులేసుకుంటారు. మన దగ్గర అంతటి సరదాకు చెరువులూ లేవు, తోడూ తక్కువే. ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఓడ నమూనాల తయారీ ఒక పోటీ అంశం. దగ్గర్లో అలాంటి యూనిట్ ఉంటే, అక్కడ నమూనాలు చేసిన పాత కేడెట్ ఎవరైనా దొరికితే సగం దారి దగ్గరైనట్టే.

నీళ్లలోకి దించే ముందు ఇంటి సంపులోనో, ఇటుకల మధ్య టార్పాలిన్ పరిచి నింపిన తొట్టిలోనో తేల్చి చూడాలి. నీటి గీత సమంగా వచ్చేదాకా సీసం జరపాలి. పక్కకు వేలితో నొక్కి వదిలితే గబుక్కున లేవాలి. బద్ధకంగా లేస్తే పైన బరువు ఎక్కువైందన్నమాట. చెరువుకు వెళ్లినప్పుడు గుర్రపుడెక్క లేని చోటు వెతకాలి. ఒక్క వేరు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు కాలిపోవచ్చు. నడిమధ్యలో ఓడ ఆగిపోతే ఈదుకుంటూ వెళ్లడం మాత్రం వద్దు. చెరువుల అడుగున పూడికా, గుంతలూ ఎక్కడుంటాయో ఎవరికీ తెలియదు. టెన్నిస్ బంతికి పొడవాటి తాడు కట్టి ఓడ అవతలకు విసిరి మెల్లగా లాగొచ్చు. లేదంటే గాలి ఒడ్డుకు తోసేదాకా కూర్చోవాలి.

మొదటి రోజు పది మీటర్లు వెళ్లి, మలుపు తిరిగి, వెనక్కి వస్తే చాలు. డెక్కు తెరిచినప్పుడు అడుగున చెంచాడు నీళ్లుంటే అవి షాఫ్ట్ గొట్టంలోంచి వచ్చాయా, చుక్కాని దగ్గరనుంచా అని వెతుక్కోవాలి. ఫిరంగి ఇంకా బీరువా మీదే ఉంటుంది.