కళ్లు లేని భీముడు

మా మనుమడికి ఆరేళ్లు. ఉండేది పుణేలో. బడిలో మరాఠీ, టీవీలో హిందీ, ఎండాకాలం సెలవులకు మా కుండల్‌వాడికి వస్తే తెలుగు. 1956 దాకా మా నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత హద్దులు మారినా, ఇళ్లలో మాట మారలేదు.

ఈసారి వాడి ప్లాస్టిక్ ఛోటా భీమ్‌కు వచ్చిన రెండోనాడే మెడ విరిగింది. "తాతా, నువ్వే కట్టెతోని చెయ్యి" అన్నాడు. 2008లో టీవీకెక్కిన ఆ భీముడు హైదరాబాదులో పుట్టినవాడేనని, రాజీవ్ చిలకా గారి సంస్థ తయారుచేసిందని చెప్పాను. వాడు నమ్మలేదు. "ఢోలక్‌పూర్‌ల పుట్టిండు" అన్నాడు.

బాసర దాటి నిర్మల్ వెళ్లి, ఎరిగిన పనివాడి దగ్గర పొణికి కట్టె తెచ్చాను. నిర్మల్ బొమ్మలన్నీ ఆ కట్టెవే. దూదిలా తేలిక, కత్తికి మెత్తగా తెగుతుంది. ఆ మెత్తదనం చూసి మోసపోయాను. బొమ్మంతా ఒకే ముక్కలో చెక్కబోతే పిలక పుటుక్కుమంది, మరునాడు చెయ్యి. "చేతులు, పిలక వేరే చెక్కి అతికించాలె, సార్" అన్నాడు పనివాడు ఫోనులో. ముందే అడిగి ఉంటే రెండు రోజులు మిగిలేవి!

అతికించడానికి చింతగింజలే. మా ఇంటావిడ వాటిని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, ఉడికించి ఇచ్చింది. అందులో రంపపు పొట్టు కలిపితే అతుకుల సందులు పూడతాయి. ఆ ముద్ద మనుమడి చేతికిచ్చాను. సగం భీముడికి, సగం వాడి చొక్కాకు. ఉలి, సుద్ద, పొణికి అనే మాటలు పక్కింటి పిల్లలకు వాడే చెప్పాడు.

ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సుద్ద పూత పూశాం. పూత తడిగా ఉండగానే తొందరపడి ధోతీకి నారింజరంగు వేస్తే నెర్రెలు విచ్చింది. గీకి, మళ్లీ పూసి, రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. ఒంటికి గోధుమరంగు, పిలకకు నలుపు వేసేసరికి వాడి రైలు రోజు వచ్చేసింది. కళ్లు మిగిలాయి. సన్నకుంచె పని, కదలని చెయ్యి కావాలి. నాకు పొద్దుటిపూటే కుదురుతుంది.

"కళ్లు పెట్టి పంపిస్తలే" అన్నాను.

"వద్దు తాతా, దసరాకు వస్త. నేను చూస్తుంటే పెట్టాలె."

వారం వారం ఫోను చేస్తున్నాడు. తెలుగులోనే అడుగుతున్నాడు, "పెట్టలేదు కదా?" అని. భీముడు అలమారులో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.