రెక్క పట్టేవారి వంతు

ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దుకు చేరువగా, లాంగ్ మిండ్ అనే పొడవైన కొండ ఉంది. ఆ కొండ మీద, సముద్రమట్టానికి సుమారు 1,400 అడుగుల ఎత్తున, ఒక చిన్న పచ్చిక మైదానం కనిపిస్తుంది. చుట్టూ గొర్రెలు మేసే బీడు భూములు. తారు రన్‌వే లేదు, ఇంజన్ల హోరు అరుదు. అయినా అది విమానాశ్రయమే. 1934లో ఏర్పడిన మిడ్‌లాండ్ గ్లైడింగ్ క్లబ్బుకు అదే నెలవు.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. పడమటి గాలి కొండవాలును తాకి పైకి లేస్తుంది. ఆ గాలే గ్లైడర్‌ను మోస్తుంది. గద్ద రెక్కలు ఆడించకుండా ఆకాశంలో తిరగడం మనం చూస్తూనే ఉంటాం. ఇదీ అటువంటిదే. అయితే ఆ గాలి అందేవరకు గ్లైడర్‌ను చేర్చవలసింది మనుషులే.

గాలి బలంగా వీచే రోజుల్లో అక్కడ పాత పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. గ్లైడర్ ముక్కుకు పొడవాటి రబ్బరు తాడు తగిలిస్తారు. దాని రెండు కొసలను పట్టుకొని కొందరు రెండు బారులుగా కొండ అంచు వైపు పరుగెత్తుతారు. ఒకరు రెక్క కొసను పట్టుకొని సమంగా నిలుపుతారు. తాడు సాగి సాగి గ్లైడర్‌ను గాలిలోకి విసురుతుంది. మిగతా రోజుల్లో వించ్ యంత్రం తాడును చుట్టుకుంటూ దానిని గాలిపటంలా పైకి లాగుతుంది. అప్పుడు కూడా యంత్రం వద్ద ఒకరు, సంకేతమివ్వడానికి ఒకరు, రెక్క వద్ద ఒకరు ఉండవలసిందే. దిగిన గ్లైడర్ ఒక రెక్కను నేలకు వాల్చి ఆగిపోతుంది. దానిని వెనక్కి చేర్చేదీ తోటివారే.

బ్రిటన్‌లో 14 ఏళ్ళు నిండిన పిల్లలు, తగిన శిక్షణ పొందితే, ఒంటరిగా గ్లైడర్ నడపవచ్చు. అలా దిగివచ్చిన బిడ్డ "ఒంటరిగా ఎగిరాను" అంటే అది నిజమే. కాని ఆ ఒంటరితనం వెనుక ఎందరి చేతులున్నాయో ఆ మైదానానికి తెలుసు. అందుకే గ్లైడింగ్ క్లబ్బుల్లో ఒక ఆనవాయితీ ఉంది: దిగినవారు తిరిగి వచ్చి ఇతరుల రెక్క పడతారు, రెక్క పట్టినవారు తమ వంతు రాగానే ఎగురుతారు.

పాఠక సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలోనూ ఒకరు ఎగరడానికి మరొకరు రెక్క పడుతూనే ఉన్నారు. తమ్ముడి ఫీజు కోసం చదువు ఆపుకున్న అక్క, అందరినీ సాగనంపి వంటింట్లోనే మిగిలిపోయిన తల్లి. ఎగిరినవారిని మెచ్చుకుంటాం, మంచిదే. కాని రెక్క పట్టినవారి వంతు ఎప్పుడు? ఈ రాత్రి భోజనాల వద్ద వారినే అడిగి చూద్దాం.