పాస్ శాతానికి అందని పిల్లలు

2023 ప్లస్ టూ ఫలితాల్లో 97.85 శాతంతో తమిళనాడు మొత్తంలో మొదటి స్థానం విరుదునగర్ జిల్లాది. అక్కడివాళ్లు దాన్ని పెద్ద విశేషంగా చూడరు. 1985లో రామనాథపురం నుంచి విడిపడిన ఈ జిల్లా పేరు ఫలితాల పట్టికలో పైవరసల్లో ఉండటం వాళ్లకు మామూలే. వానలు అంతంతమాత్రం. నల్లరేగడి, పత్తి, మిరప, నూనె మండీలు, అగ్గిపెట్టెలు, బాణసంచా. ఇలాంటిచోట చదువు ఇంతగా ఎలా వేళ్లూనుకుందంటే ఊరి పెద్దలు చూపించేది క్షత్రియ విద్యాశాలను. ఆ బడి ఘనతను కాదనలేం. కానీ దాని చరిత్రలో తక్కువగా చెప్పుకునే సంగతి ఒకటుంది, మన రెండు రాష్ట్రాలకూ పనికొచ్చేది అదే.

ఊరి పేరు విరుదుపట్టిగా ఉన్న రోజుల్లో, 1880ల చివర్లో, నాడార్ వర్తకులు ఈ బడి పెట్టారు. డబ్బుంది, గుళ్లోకి మాత్రం ప్రవేశం లేదు. 1897లో కముది ఆలయంలోకి వెళ్లినందుకు వాళ్లమీద పడ్డ దావా ప్రీవీ కౌన్సిల్ దాకా నడిచింది, చివరికి ఓడిపోయారు. 1899లో వాళ్లమీద జరిగిన దాడిలో శివకాశి తగలబడింది. తెరవని గుడి తలుపుల ముందు నిలబడే బదులు వాళ్లు అంతకుముందే తమ బడి తామే కట్టుకున్నారు. దానికి సాధనం కొత్తగా వెతుక్కోనక్కర్లేకపోయింది. ఉరవిన్‌మురై అనే కులసంఘం, అమ్మే సరుకు మీద ఇంత అని వర్తకులు తమకు తామే విధించుకున్న మహిమై అనే పన్ను అప్పటికే ఉన్నాయి. వాటికి తోడు పిడి అరిసి. వంటకు బియ్యం కొలిచే ఇల్లాలు ఒక పిడికెడు తీసి బడి పేర పక్కన పెట్టేది. అలా పోగైన బియ్యం బడి ఖర్చులకు పోయేది. జమీందారు దానంతో లేచిన బడికి జమీందారే దిక్కు. పిడికెడు బియ్యం పెట్టిన ఇల్లాలికి మాత్రం ఆ బడి తనది. పంతులు రాకపోతే అడిగే హక్కు ఆమెకు ఆ పిడికెడుతోనే వచ్చింది.

1903లో పుట్టిన కామరాజ్ చదివింది ఈ బడిలోనే. చదివాడని బోర్డు మీద రాసుకోవచ్చు, పూర్తి చేశాడని రాసుకోలేరు. ఆరేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఆరో తరగతి దగ్గర చదువు ఆగిపోయింది, మేనమామ బట్టల కొట్లో పనికి కుదిరాడు. ఊరంతా బియ్యం పోగేసి నిలబెట్టుకున్న బడి ఒక కుర్రవాణ్ణి నిలుపుకోలేకపోయింది. తప్పు బడిదని నేననను. అయితే ఆ బియ్యం ఎటు నడిచిందో గమనించాలి. ఇళ్లనుంచి బడికి వచ్చింది, బడినుంచి పిల్లవాడి కంచంలోకి రాలేదు. ఫీజు కట్టుకోవడం ఒక ఎత్తు, పిల్లవాడి సంపాదన లేకుండా ఇల్లు గడవడం మరో ఎత్తు.

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ ఈ తేడాను ఏ నివేదికలోనూ చదవాల్సిన అవసరం లేకపోయింది. సగం రోజు బడి, మిగతా సగం ఇంటి వృత్తి అంటూ రాజాజీ 1953లో తెచ్చిన పథకాన్ని ఆయన ఎత్తేశారు. మూతపడ్డ బడులు తెరిపించారు. 1956లో కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఎట్టయపురంలో, తమిళ కవి భారతి పుట్టిన ఊళ్లో, మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన ఆయనతోనే పుట్టలేదు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా మన పిట్టి త్యాగరాయ శెట్టి 1920లోనే థౌజండ్ లైట్స్ బడిలో ఆ పని చేశారు. కామరాజ్ దాన్ని పల్లెలకు తెచ్చారు, అదీ ఖర్చులో ఊరివాళ్లను భాగస్వాములను చేసి. విద్యాశాఖ డైరెక్టర్ నె. తు. సుందరవడివేలు ఊరూరా బడుల అభివృద్ధి సభలు పెట్టించి బెంచీలు, పలకలు, గదులు ప్రజలచేతనే ఇప్పించారు. విరుదుపట్టి పిడికెడు బియ్యమే ఇది, ఈసారి పిల్లవాడి కంచందాకా వచ్చింది. క్షత్రియ విద్యాశాల సాధించిన వాటిలో అతి పెద్దది ఇదేనని నా లెక్క. అది సాధించింది ఆ బడి మధ్యలో పోగొట్టుకున్న విద్యార్థి. (1967లో ఆయన్ను సొంత ఊళ్లోనే ఓడించింది పి. శ్రీనివాసన్ అనే విద్యార్థి నాయకుడు. బడులు పనిచేశాయనడానికి ఆ మాత్రం సాక్ష్యం చాలు.)

అన్నం పెట్టినంత మాత్రాన కథ సుఖాంతం కాలేదు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల అగ్గిపెట్టెల కార్ఖానాలు ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు పిల్లల వేళ్లమీదే నడిచాయి. పుల్లలు చట్రాల్లో పేర్చడం, పెట్టెలు అంటించడం చిన్న చేతులకు సులువని యజమానులు చెప్పే మాట. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లవాడికి 20,000 రూపాయల చొప్పున యజమాని కట్టాలంది. ఆ కేసు శివకాశి నుంచే పుట్టింది. ఒకే నేల మీద ఒకవైపు పరీక్షల్లో మెరిసే హైస్కూళ్లు, మరోవైపు తెల్లవారకముందే కార్ఖానా బండెక్కే పిల్లలు. ఫలితాల శాతం మొదటివాళ్ల సంగతే చెబుతుంది. పరీక్షకు కూర్చున్నవాళ్లనే అది లెక్కబెడుతుంది, రానివాళ్లు దాని దృష్టిలో పుట్టనేలేదు.

తెలుగువాళ్లకు ఇది పరాయి గొడవ కాదు. కోవిల్‌పట్టి పల్లెల్లో ఇళ్లలో తెలుగు మాట్లాడే నాయుళ్లు, రెడ్లు, రాజపాళయంలో రాజులు, ఊరి చివర తెలుగే మాట్లాడే అరుంధతీయులు తరతరాలుగా ఉన్నారు. మిల్లు యజమాని ఇంట్లోనూ తెలుగే, వీధి ఊడ్చే మనిషి ఇంట్లోనూ తెలుగే. 1966లో కోవిల్‌పట్టికి కాలేజీ వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు జి. వెంకటస్వామి నాయుడుది. ఆ పట్టణానికి కూతవేటు దూరంలోని ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ కూడా బడి మధ్యలో మానేసినవాడే. తెలుగువాళ్ల వలస కథను తమిళంలో నవలలుగా రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను ఆచార్యుడిగా పిలిచి కూర్చోబెట్టింది. బడి మానేసినా పైకొచ్చారు కదా అని కామరాజ్‌నూ, రాజనారాయణన్‌నూ చూపించేవాళ్లు ఉంటారు. ఆ వాదన నాకు నచ్చదు. బడి మానేసిన లక్షలమందిలో మనకు పేరు తెలిసింది ఈ ఒకరిద్దరిదే.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్ నాడు-నేడు పేరుతో, తెలంగాణ మన ఊరు మన బడి పేరుతో గోడలకు రంగులేశాయి, మరుగుదొడ్లు కట్టాయి. అవసరమే, ఆ మాటకొస్తే ఆలస్యమే. కానీ పదో తరగతి ఫలితాల రోజున నూటికి నూరు శాతం బడుల జాబితా వేసి చేతులు దులుపుకునే మన పద్ధతి మారలేదు. ఆ నూరు కోసం తొమ్మిదిలోనే వెనకబడ్డ పిల్లవాడి చేతిలో టీసీ పెట్టే బడులు ఉన్నాయని ఏ టీచర్ను అడిగినా చెబుతారు. పత్తి ఏరే రోజుల్లో హాజరు ఎంత పడిపోతుందో కర్నూలు, గద్వాల వైపు పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తమిళనాడు 2022లో ఉదయం టిఫిన్ మొదలుపెట్టింది, మరుసటి ఏడాది తెలంగాణ అదే బాట పట్టింది. ఖాళీ కడుపుతో వచ్చే పిల్లవాణ్ణి మొదటి పీరియడ్ దాకా నిలబెట్టే పథకానికి డబ్బు లేదనే మాటను ఏ ప్రభుత్వం అన్నా నమ్మనక్కర్లేదు.

జిల్లా విద్యాధికారులు ఫలితాలు ప్రకటించే రోజున ప్రతి బడి పేరు ఎదుట పాస్ శాతంతోపాటు ఇంకో రెండు అంకెలు వెయ్యాలి. అయిదేళ్ల కిందట ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, వాళ్లలో ఈసారి పదో తరగతి పరీక్షకు ఎంతమంది వచ్చారు. టీసీ తీసుకుని వేరే బడిలో చేరినవాళ్లను విడిగా చూపించవచ్చు. దీనికి కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త యాప్ అంతకన్నా అక్కర్లేదు. అడ్మిషన్ రిజిస్టరు, నామినల్ రోల్స్ రెండూ హెడ్మాస్టరు గదిలో ఒకే బీరువాలో ఉంటాయి.